ఏదీ విరగకుండానే బ్రేకు పోతుంది: సాలూరు ఘాటీ దిగే లారీ లెక్క

ఘాటీలో లారీ బోల్తా పడితే మర్నాటి పేపర్లో వచ్చే వాక్యం దాదాపు ఒకటే: "బ్రేకులు ఫెయిలై అదుపు తప్పింది." ఇన్సూరెన్సు కాగితాల్లోనూ అదే మాట. అదే బండిని పక్కకి లాగి, చల్లారాక స్టార్టు చేసి బ్రేకు తొక్కి చూడండి. చాలాసార్లు మామూలుగానే పడుతుంది. పైపు తెగి ఉండదు, డయాఫ్రం చిరిగి ఉండదు, చక్రం డ్రమ్ముని లోపలి నుంచి రాసి పట్టే లైనర్లు ఊడి ఉండవు. మరి కొండ మీద పోయిందేమిటి?

"ఫెయిల్" అన్న ఒక్క మాటలో నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. వాటిని విడదీస్తే తప్ప డ్రైవరు ఏం చెయ్యాలో తేలదు.

ముందు రోడ్డు సంగతి. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు. అక్కణ్ణుంచి పి.కోనవలస దగ్గర కొండెక్కి సుంకి, పొట్టంగి, కోరాపుట్. పాతవాళ్ళు దీన్ని ఇప్పటికీ 43వ నంబరు రోడ్డనే అంటారు, బోర్డు మీద మాత్రం 26. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సాలూరు పార్వతీపురం మన్యం కిందికి వెళ్ళింది గానీ, లారీవాళ్ళకి ఇది విజయనగరంలో మొదలై రాయపూర్ దాకా పోయే ఒకే దారి. సాలూరు సముద్ర మట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తులో ఉంటే కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఆ తేడాలో పెద్ద భాగం సాలూరు పక్క ఘాటీలోనే దిగిపోవాలి. అదీ, పై నుంచి బియ్యమో ఇనుమో నింపుకుని ఓడరేవుల వైపు వచ్చే బండి లోడుతో దిగాలి. లారీ బాడీలు కట్టే షెడ్లకీ, లారీ ఓనర్లకీ పేరుపడ్డ సాలూరు సరిగ్గా ఆ దిగుడు పాదాల దగ్గరే ఉంది.

ఇప్పుడు లెక్క. 10 టైర్ల బండి లోడుతో కలిపి సుమారు 28 టన్నులు. అది 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 27 మెగాజౌళ్ళు, అంటే 90 లీటర్ల మామూలు నీళ్ళని మరిగే దాకా తీసుకెళ్ళేంత వేడి. ఆ బండికి ఆరు బ్రేకు డ్రమ్ములుంటాయి. ఒక్కోటి 50 కిలోలు అనుకుంటే మొత్తం 300 కిలోల పోత ఇనుము. ఆ వేడంతా డ్రమ్ములకే పోతే వాటి వేడి ఉన్నదానికంటే మరో 200 డిగ్రీలు పెరుగుతుంది. ఇది ఒక్క వంద మీటర్ల ఎత్తుకే. 6 శాతం వాలులో వంద మీటర్లు దిగడమంటే ఒకటిన్నర కిలోమీటరు పైచిలుకు రోడ్డు. టైర్ల రాపిడి కొంత తింటుంది, గాలికి కొంత చల్లారుతుంది, నిజమే. కానీ మెల్లగా పోయే లారీ డ్రమ్ముకి రిమ్ము చాటున గాలి తగిలేదెంత?

మామూలు లైనర్ల పట్టు 250, 300 డిగ్రీలు దాటాక పడిపోవడం మొదలవుతుంది. కాబట్టి బ్రేకుల మీదే దిగే బండికి మొదటి రెండు మూడు కిలోమీటర్లలోనే ఖాతా ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత కాలు ఎంత నొక్కినా తీసుకోవడానికి అందులో ఏమీ మిగలదు.

నాలుగు సంగతుల్లో మొదటిది ఈ వేడే. దీనికి రెండు ముఖాలున్నాయి. ఒకటి లైనరు పట్టు తగ్గడం, ఇది అందరికీ తెలుసు. రెండోది డ్రమ్ము సాగడం, దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. 410 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ము 300 డిగ్రీలు వేడెక్కితే ఒక మిల్లీమీటరు పైన పెద్దదవుతుంది, అంటే లైనరు బిగించి ఉన్న షూకి దూరంగా జరుగుతుంది. ఆ సందు పూడ్చడానికి బ్రేకు బూస్టరులోంచి (గాలి ఒత్తిడితో షూని డ్రమ్ముకి నొక్కించే డబ్బా) వచ్చే పుష్‌రాడ్ మరో సెంటీమీటరు దాకా అదనంగా బయటికి రావాలి. 30 నంబరు బూస్టరులో పుష్‌రాడ్ మొత్తం రాగలిగింది సుమారు 64 మిల్లీమీటర్లు. చల్లగా ఉన్నప్పుడే 50 దాటి వస్తుంటే అడ్జస్ట్‌మెంటు పోయినట్టే లెక్క. దానికి వేడి తాలూకు సెంటీమీటరు కలిపితే 60 దాటుతుంది. ఆపైన రాడ్డు బూస్టరు గోడకి కొట్టుకుని ఆగిపోతుంది, షూ మీద ఒత్తిడి ఉండదు. కింద మైదానంలో "బానే పడుతున్నాయి" అనిపించిన బ్రేకే కొండ మీద పడదు, ఆ తేడా ఈ సెంటీమీటరులోనే ఉంది.

కారు నడిపి లారీకి వచ్చినవాళ్ళు పొరపడేది ఇక్కడే. కారులో బ్రేకు ఆయిలు వేడెక్కితే పెడల్ మెత్తబడి కాలికి తెలుస్తుంది. ఎయిర్ బ్రేకులో పెడల్ ఒక వాల్వు మాత్రమే. కింద లైనర్లు కాలిపోతున్నా, రాడ్డు చివరికి వచ్చేసినా కాలికి అదే బిగువు, గాలి మీటరు కూడా నిండుగానే ఉంటుంది. తెలిసే గుర్తు ఒక్కటే: అంతకు ముందు మలుపు దగ్గర కొంచెం తొక్కితే తగ్గిన వేగం, ఈ మలుపులో అంతకంటే ఎక్కువ తొక్కితే గానీ తగ్గడం లేదు. వాసన, పొగ ఆ తర్వాతవి. మొదటి గుర్తు దగ్గరే ఆగాలి.

రెండో సంగతి, గాలి అయిపోవడం. పదే పదే పంపు కొట్టినట్టు బ్రేకు తొక్కితే తొక్కిన ప్రతిసారీ ట్యాంకులోంచి గాలి పోతుంది. ఇంజను ఐడ్లింగ్‌లో ఉంటే కంప్రెసరు దాన్ని భర్తీ చెయ్యలేదు. సుమారు 8 బార్ ఉండాల్సిన ఒత్తిడి 4, 5 బార్ల దగ్గరికి వచ్చేసరికి బజరు మోగుతుంది. ఇంకా పడితే, గాలి ఒత్తిడి వెనక్కి పట్టి ఉంచే స్ప్రింగు బ్రేకు తనంతట తాను పట్టుకుంటుంది. ఇది మంచిదే అనిపిస్తుంది గానీ, సగం ఒత్తిడిలో స్ప్రింగు కొంచెం కొంచెంగా రాసుకుంటూ ఉంటే వెనక డ్రమ్ములు చాటుగా కాలుతుంటాయి.

మూడోది, నాలుగు చక్రాల పని రెండే చెయ్యడం. ఒక వైపు బాగా బిగించి, మిగతావి వదులుగా ఉంటే భారమంతా ఆ బిగువు బ్రేకు మీద పడుతుంది. ముందు కాలిపోయేది అదే, అంటే బండిలో అన్నిటికంటే బాగున్న బ్రేకు. హబ్ ఆయిలు సీలు కారి లైనరుకి గ్రీజు అంటినా ఇదే ఫలితం.

నాలుగోది న్యూట్రల్. దీని గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. డీజిలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇప్పటి ఇంజన్లలో పంపు డీజిలు పంపడమే ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కి కాలుతూనే ఉంటుంది. అంటే మిగిలేది కూడా ఏమీ లేదు. పోయేది మాత్రం ఇంజను పట్టు. వేగం పెరిగాక మళ్ళీ గేరు వేద్దామంటే పళ్ళు కలవవు, గీరుకుంటాయి. ఇంజను ఆపేసి దిగితే ఇంకా ఘోరం: కంప్రెసరు ఆగుతుంది, పవర్ స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది.

ఈ నాలుగింటికీ మందు దిగుడు మొదలవకముందే వేసుకోవాలి, దాని పేరు గేరు.

28 టన్నుల బండి 6 శాతం దిగుడులో గంటకు 20 కిలోమీటర్ల వేగం దాటకుండా ఉండాలంటే, టైర్ల రాపిడి పోను, ఎవరో ఒకరు సుమారు 80 కిలోవాట్ల శక్తిని పట్టి ఉంచాలి. 40లో దిగితే 160. ఈ భారాన్ని పంచుకునేవాళ్ళు ఇద్దరే, ఇంజను, బ్రేకులు. ఇంజను తన వాటాని రేడియేటరు ద్వారా, పొగ గొట్టం ద్వారా ఎంతసేపైనా బయటికి పంపుతూనే ఉంటుంది. బ్రేకు మాత్రం దాచుకుంటుంది. కాబట్టి నిలకడగా ఉండే పని ఇంజనుకి, అప్పుడప్పుడు సర్దే పని బ్రేకుకి.

"ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు" అనేది పాత సూత్రం. పాత బళ్ళకి అది సరిగ్గా సరిపోయేది. ఇప్పటి బలమైన ఇంజన్లు అదే కొండని ఒకటి రెండు గేర్లు పైన ఉండి ఎక్కేస్తున్నాయి, కానీ ఇంజను పట్టి ఉంచే శక్తి అంతగా పెరగలేదు. కాబట్టి కొత్త బండిలో ఎక్కిన గేరు కంటే ఒకటి తగ్గించి దిగడం మంచిది. ఆ గేరు కూడా పైన చదునుగా ఉన్న చోటే వెయ్యాలి. దిగుడు మధ్యలో క్లచ్చి తొక్కిన క్షణం నుంచి బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే, మారేలోపు వేగం పెరిగిపోతుంది.

ఎగ్జాస్ట్ బ్రేకు గురించి అపోహలు చాలా ఉన్నాయి. అది పొగ గొట్టంలో ఒక తలుపు మూసి ఇంజనుని ఎదురు ఒత్తిడితో నడిపిస్తుంది. క్లచ్చి తొక్కితే పని చెయ్యదు, యాక్సిలరేటరు మీద కాలుంటే పని చెయ్యదు. ఇంజను తిరుగుళ్ళు ఎక్కువ ఉంటేనే బలం. టాప్ గేరులో 1200 తిరుగుళ్ళ దగ్గర దాన్ని వేసి "పట్టడం లేదు" అనుకోవడం అందుకే. కింది గేరులో, ఎరుపు గీతకి కొంచెం తక్కువగా ముల్లు నిలబెడితే అప్పుడు తెలుస్తుంది దాని పట్టు. ముల్లు ఎరుపులోకి పోకూడదు. పోతుంటే బ్రేకు తొక్కి వేగం తగ్గించాలి, అంతే గాని గేరు పెంచకూడదు.

ఖాళీ బండి, తడి రోడ్డు అయితే మాత్రం జాగ్రత్త. ఎగ్జాస్ట్ బ్రేకు పట్టేది వెనక డ్రైవింగు చక్రాలని మాత్రమే. బరువు లేని వెనక భాగం వాన నీళ్ళ మీద జారి పక్కకి తిరగొచ్చు. అప్పుడు దాన్ని కట్టేసి, కింది గేరులో మెల్లగా దిగాలి.

ఇక కాలి పని. సన్నగా తొక్కి పట్టుకుని కిందిదాకా దిగడం చాలామందికి అలవాటు. అలా రాసుకుంటూ ఉంటే, సరిగ్గా బిగించిన బ్రేకు ఒక్కటే పని చేస్తుంది, మిగతావాటి షూలు డ్రమ్ముని తాకను కూడా తాకవు. దానికి బదులు వేగానికి ఒక హద్దు పెట్టుకోవాలి, గంటకు 25 కిలోమీటర్లు అనుకుందాం. స్పీడు ముల్లు 25 తాకగానే బ్రేకు గట్టిగా తొక్కి 17, 18కి తేవాలి. దీనికి మూడు సెకన్లు చాలు. తర్వాత పూర్తిగా వదిలెయ్యాలి. మళ్ళీ 25కి వచ్చాకే మళ్ళీ తొక్కాలి. గట్టిగా తొక్కినప్పుడు అన్ని చక్రాలూ పనిలోకి వస్తాయి, వదిలిన కాసేపట్లో కొంత చల్లారతాయి. ఇలా తొక్కాల్సిన సందర్భాలు మరీ దగ్గర దగ్గరగా వస్తుంటే గేరు తప్పు వేసుకున్నట్టు. చోటు చూసి ఆగి, ఇంకో గేరు తగ్గించాలి.

ఏబీఎస్ ఉందిగా అనేవాళ్ళకి ఒక మాట. 2015 తర్వాత వచ్చిన భారీ బళ్ళలో అది తప్పనిసరే, కానీ దాని పని చక్రం బిగుసుకుపోకుండా చూడటం. డ్రమ్ము వేడితో దానికి సంబంధం లేదు.

దిగే ముందు పొట్టంగి వైపునో సుంకి దగ్గరో చదునైన చోట పావుగంట ఆగితే చెయ్యాల్సిన పనులున్నాయి. చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టి, పార్కింగ్ బ్రేకు వదిలి, స్లాక్ అడ్జస్టరు (పుష్‌రాడ్ కదలికని షూలకి చేర్చే మీట) చేతితో గట్టిగా లాగి చూడాలి. పుష్‌రాడ్ తగిలిన చోట అంగుళం కంటే ఎక్కువ కదిలితే బిగించాలి. మాన్యువల్ రకమైతే షూ డ్రమ్ముకి తగిలేదాకా నట్టు తిప్పి, అక్కణ్ణుంచి పావు నుంచి అర చుట్టు వెనక్కి. ఆటోమేటిక్ రకం వదులైతే చేత్తో బిగించేసి పోవడం తప్పు. అది తనని తాను సర్దుకోలేదంటే కామ్‌షాఫ్టు బుష్షో అడ్జస్టరో పోయి ఉంటుంది, బిగించినది రెండు రోజుల్లో మళ్ళీ వదులవుతుంది. లైనరు మందం 6 మిల్లీమీటర్లకి తగ్గితే ఆ బండి ఘాటీకి పనికిరాదు.

తర్వాత గాలి. మీటరు నిండాక ఇంజను ఆపి, బ్రేకు తొక్కి పట్టుకుని ఒక నిమిషం చూడాలి. 0.2 బార్ కంటే ఎక్కువ పడితే ఎక్కడో కారుతోంది. ట్యాంకుల కింది వాల్వులు తెరిచి నీళ్ళు వదలడం రోజూ పొద్దున్నే చెయ్యాల్సిన పని. నీటితో పాటు నల్లటి ఆయిలు కూడా వస్తుంటే కంప్రెసరు రింగులు అరిగాయి. ట్యాంకులో నీళ్ళున్నంత మేర గాలికి చోటు లేనట్టే.

మలుపులు వేరే లెక్క. కొండ రోడ్ల హెయిర్‌పిన్ మలుపుకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన కనీస వ్యాసార్ధం 14 మీటర్లు, డిజైను వేగం గంటకు 20 కిలోమీటర్లు. ఆ మలుపుని 20కి బదులు 30లో తిప్పితే పక్కకి తోసే బలం ఒకటిన్నర కాదు, రెండుంపావు రెట్లవుతుంది, బండి బరువులో సగం దాకా వస్తుంది. ఎత్తుగా లోడు చేసిన లారీ ఆ బలం తన బరువులో మూడో వంతుకి వచ్చేసరికే లోపలి చక్రాలు లేపుతుంది. టైరు జారే లోపే బండి ఒరుగుతుంది, అందుకే డ్రైవరుకి ముందస్తు సూచన ఏమీ అందదు. బస్తాలు టార్పాలిన్ పైకి రెండు వరసలు ఎక్కువ వేశారంటే ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. సగం నిండిన ట్యాంకరుకైతే లోపల నీళ్ళో నూనో ఒక పక్కకి పోయి అదే పని చేస్తుంది. ఇనుప రాడ్లు, కాయిల్సు వేసిన బండిలో లోడుకీ ముందు పలకకీ మధ్య సందు వదలకూడదు. దిగుడులో బ్రేకు వేసిన ప్రతిసారీ లోడు క్యాబిను వైపు రావాలని చూస్తుంది, మూరెడు సందుంటే ఊపందుకుని వస్తుంది.

ఎక్కేటప్పుడు ప్రమాదం తక్కువ, ఖర్చు ఎక్కువ. హాఫ్ క్లచ్చి మీద బండిని నిలబెడితే ఒక్క మలుపులో ప్లేటు కాలుతుంది; ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేసి ఆగాలి. ఇంజను తిరుగుళ్ళు పడిపోకముందే గేరు తగ్గించాలి. ఇరుకు చోట దిగే బండి ఎక్కే బండికి దారివ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఎక్కే లోడు బండి ఒకసారి ఆగితే మళ్ళీ కదలడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళు పెట్టిన నిబంధన అది. పైకి చేరాక ఇంజను వెంటనే ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచితే టర్బో బతుకుతుంది. చలికాలం తెల్లవారుజామున పైన మంచు పట్టేస్తే డిమ్ లైటే వెయ్యాలి, బ్రైటు వేస్తే ఎదురుగా తెల్ల గోడ.

అన్నీ చేశాక కూడా బండి చెయ్యి దాటితే? ఇంజను ఆపకూడదు, ఉన్న గేరు తియ్యకూడదు. ఆ వేగంలో కింది గేరు కోసం ప్రయత్నిస్తే చేతిలో మిగిలేది న్యూట్రలే. గాలి ఉన్నంతవరకు ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టాలి, పంపు కొట్టకూడదు. హ్యాండ్ బ్రేకు స్ప్రింగు పట్టేది కూడా అవే కాలిన వెనక డ్రమ్ములని, కాబట్టి దాని మీద పెద్ద ఆశ వద్దు. హారను, హెడ్‌లైట్లు, నాలుగు ఇండికేటర్లు వేసి, లోయ వైపు కాకుండా కొండ వైపు కాలవలోకి చక్రాలు దించి, బాడీ గట్టుని ఏటవాలుగా రాసుకునేలా పట్టాలి. బాడీ పోతుంది. ఈ నిర్ణయం ఎంత ముందు తీసుకుంటే అంత తక్కువ వేగంలో రాసుకుంటుంది. "వచ్చే మలుపు దాకా చూద్దాం" అనుకున్న ప్రతి వంద మీటర్లకీ వేగం పెరుగుతూనే ఉంటుంది.

కిందికి దిగాక డ్రమ్ములు కాలుతుంటే నీళ్ళు కొట్టకూడదు. పోత ఇనుము ఒక్కసారిగా ముడుచుకుని బీటలు వారుతుంది. హ్యాండ్ బ్రేకు కూడా వెయ్యకుండా, గేరులో పెట్టి అడ్డు చెక్కలతో నిలపాలి. టైర్లలో గాలి ఎక్కువైందని దించకూడదు, అది వేడికి పెరిగిందే, చల్లారితే తగ్గుతుంది. డ్రమ్ము వేడి రిమ్ములోంచి టైరు అంచుకి ఎక్కడానికి కాసేపు పడుతుంది కాబట్టి, ఆగిన తర్వాత పావుగంటకి టైరు పొగ మొదలవడం కూడా ఉంటుంది. అందుకే ఘాటీ దిగిన వెంటనే బండి వదిలేసి టీకి పోకుండా ఓ అరగంట దాని దగ్గరే ఉండాలి.

ఆ అరగంటలో చెయ్యాల్సిన పని ఒకటుంది. అరచెయ్యి తాకించకుండా, ప్రతి హబ్బు దగ్గరా బెత్తెడు దూరంలో పెట్టి వేడి చూస్తూ ఆరూ తిరిగి రావాలి. ముందు ఇరుసువీ వెనకవీ వేడిలో తేడాగా ఉండొచ్చు, కానీ ఒకే ఇరుసు మీది కుడి ఎడమలు రెండూ ఒక్కలా ఉండాలి. ఒకటి మిగతావాటికంటే బాగా కాలుతుంటే ఆ చక్రం పక్కవాటి పని కూడా చేస్తోంది. ఒకటి చల్లగా ఉంటే అది ఘాటీ పొడుగునా అసలు పనే చెయ్యలేదు. మెకానిక్కుకి చూపించాల్సింది ముందు ఆ చల్లటి చక్రాన్నే.